లోపలి గది వైరు

జమ్మలమడుగులో రెండు పార్టీల ఆఫీసుల కంప్యూటర్లూ ఇమ్మానుయేలే బాగుచేసేవాడు. వైరస్ పడిందని పిలిస్తే వరండాలో ఒకదాని ముందు కూర్చుని, వైర్లతో కలిపినవన్నీ అక్కణ్ణుంచే స్కాన్ చేసేవాడు. అతను గడప తొక్కగానే లోపలి గది కంప్యూటరుకు వైరు పీకేసేవాళ్లు, ఎదుటివాళ్లకు ఏం మోస్తాడోనని. అతను పోయాక తగిలించేవాళ్లు. దాన్లో మిగిలిన వైరస్ మళ్లీ అన్నిటికీ పాకేది.

"లోపలిది గూడా చూడాలన్నా," అన్నాడొకసారి ఒక పార్టీ ఆఫీసులో.

"దాని జోలి నీకెందుకప్పా?"

ఎదుటి పార్టీ ఆఫీసులోనూ ఇదే వరస.

ఊళ్లో దేనికీ పొత్తు కుదరని ఆ రెండు పార్టీలకూ అతణ్ణి నమ్మకపోవడంలో మాత్రం కుదిరింది. టీ అంగడి బల్ల మీద అతను కూర్చుంటే, రెండు వైపుల వాళ్లూ గ్లాసులు పట్టుకుని లేచిపోయేవాళ్లు.