నిన్నటి బండి

మొన్న మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని, "అమ్మా, ఈ ప్రోగ్రామింగు భాషలో లిస్టులో వెక్టర్ని కలిపితే అంతా తిరగబడి వస్తోందే!" అని విసుక్కుంది. నేను తెలుగు పంతులమ్మనే అయినా దాని గొడవ నాకు ఇట్టే అర్థమైంది. ఆ రెండు మాటలూ ఒకప్పుడు మా ఇంట్లో ఏడుపు తెప్పించినవే.

రెండు వేల దశకం చివరి సంగతి. మా పెద్దనాన్న అల్లుడు, అంటే మా బావ, గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన ఆ భాష మీద ఆయనకు పిచ్చి. ఎటు చూసినా బ్రాకెట్లే. "బీరువా తలుపు మూయడం రాదు గానీ, బ్రాకెట్లు మాత్రం ఒక్కటి మర్చిపోకుండా మూస్తారు" అనేది అక్క. ప్రత్తిపాడు దగ్గర జిన్నింగు మిల్లులో పత్తి బండ్లు ఏ క్రమంలో కాటాకి రావాలో చెప్పే ప్రోగ్రాం బావ ఆ భాషలోనే రాసిపెట్టాడు. అంతకుముందు రైతులు వరుసలో తమ చోట తువ్వాలో రాయో పెట్టి టీకి వెళ్లేవారు, తిరిగొచ్చి కొట్లాడుకునేవారు. ఇక ఆ బాధ లేదని, అంతా తన అల్లుడి చలవేనని పెద్దనాన్న ఊరంతా చెప్పుకున్నాడు.

నిన్న మిగిలిన బండి ఇవాళ ముందు వెళ్లడం మిల్లులో ఆనవాయితీ. బావ మిగిలినవాటిని లిస్టులో, ఇవాళ వచ్చినవాటిని వెక్టర్లో పెట్టాడు. వెక్టర్లో ఏది చేర్చినా చివరికి పోతుంది. లిస్టులో చేరిస్తే, బస్తా మీద బస్తా వేసినట్టు, మొదటికి వస్తుంది. ఆయన ఇవాళ్టి వెక్టర్ని నిన్నటి లిస్టులో పోశాడు. దాంతో ఆఖరున వచ్చినవాడు అందరికంటే ముందుకొచ్చాడు, నిన్నటివాడు అడుక్కి పోయాడు. పరీక్షించినప్పుడు ఆయన లెక్కలో బండి మిగలనే లేదు కాబట్టి రెంటినీ కలిపే పనే పడలేదు.

మొదటిసారి మిగిలిన బండి పెద్దనాన్న ట్రాక్టరే. మర్నాడు ఆకాశమంతా మబ్బు. రైతులు గోల చేస్తే, కంప్యూటరు చెప్పిందే ఖాయమన్నాడు గుమాస్తా.

"నీ అల్లుడేగా, ఒక్క ఫోను కొట్టరాదా?" అన్నాడట పక్క ట్రాక్టరాయన. పెద్దనాన్న లేచి ట్రాక్టరు మీది పట్టా తాళ్లు బిగించుకున్నాడట. ఆయన వంతు రాకుండానే వాన దంచికొట్టింది. పైన కప్పిన పట్టా గాలికి ఎగిరిపోయి పత్తంతా నానిపోయింది.

సంగతి తెలిసి బావ సాయంత్రానికి పెద్దనాన్న ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నేనక్కడే ఉన్నాను. "ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా మామయ్యా!" అంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నలుగురిలో మీ పని తప్పని నేనెట్టా అంటానండీ అల్లుడు గారూ?" అన్నాడు పెద్దనాన్న, తల తుడుచుకుంటూ.

అల్లుడికి మర్యాద ఉండాల్సిందే, కాదనను. కానీ పంట పోయినా నోరు మెదపనివ్వని ఆ మర్యాద మీద నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది.

ఖాళీ వెక్టర్లో ముందు నిన్నటివి, తర్వాత ఇవాళ్టివి పోస్తే చాలు. బావ ఆ ఒక్క వాక్యం అప్పటికప్పుడే మార్చేశాడు. మామగారి పక్కన కూర్చుని అన్నం తినడానికి మాత్రం ఆయనకు మళ్ళీ ఏటి పత్తి తీతల దాకా పట్టింది.