ఎర్ర చుక్క పళ్ళు, నీలి చుక్క పళ్ళు

మొన్న వీడియోలో మాట్లాడుతూ నేను కళ్ళజోడు కోసం గూట్లో వెతుకుతుంటే నీకొక ప్లాస్టిక్ డబ్బా కనపడింది. "అవ్వా, ఆ పళ్ళు ఎవరియి? రెండు జతలెందుకు?" అని అడిగావు. మీ తాతవే అన్నాను. అంతలో మీ తమ్ముడు ఫోన్ లాక్కుని పూణెలో వాన ఎంత జోరుగా పడుతోందో చూడమని బాల్కనీలోకి పరిగెత్తాడు. మాట అటే పోయింది. మళ్ళీ అడుగుతావేమోనని చూశాను, అడగలేదు. మీ వయసులో ప్రశ్నలు అలాగే వస్తాయి, అలాగే పోతాయి. నాకు మాత్రం ఆ డబ్బా గూట్లోనే ఉంది కాబట్టి తీరిగ్గా చెబుతున్నాను. కళ్ళజోడు బియ్యం డబ్బా మీద దొరికింది.

మనది వనపర్తికీ గద్వాలకూ నడుమ పల్లికాయ పండే ఊరని మీకు తెలుసు. గద్వాల వైపు వాటినే బుడ్డలంటారు. కాయ పీకి కల్లంలో ఆరబోశాక అసలు పరేషాన్ మొదలవుతుంది. తడి ఉండగా మూట కడితే బూజు పడుతుంది, విత్తనానికి పనికిరాదు. అమ్మే కాయనైతే ఎవరైనా చెవి దగ్గర ఊపి, గలగలమంటే ఎండిందనుకుంటారు. విత్తనానికి ఉంచే కాయ మళ్ళీ చలికాలం మొదట్లో వేసేదాకా నిలవాలి. దానికి మాత్రం మీ తాత దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన ఒక గింజ తీసుకుని వెనక పళ్ళ మధ్య పెట్టి, కళ్ళు సగం మూసి, దూరపు స్టేషన్ పట్టుకోబోయే రేడియో ముందు కూర్చున్నవాడిలా తల వంచి, మెల్లగా నొక్కేవాడు. టక్కున విరిగితే "మూట కట్టు". కాస్త సాగినా "ఇంకో రెండెండలు కావాలె". అంతే. దానికి అప్పీలు లేదు. చెప్పాక ఆ గింజను నమిలి మింగేవాడు. కల్లంలో గింజ ఉమ్మడం మన ఊళ్ళో లేదు. నోట్లోకి వెళ్ళిన పంట మట్టిలో పడకూడదని మా అత్త లాంటి పెద్దల కట్టడి. పుచ్చు గింజయినా సరే, మొహం చిట్లించుకుని మింగాల్సిందే.

తర్వాత చిగుళ్ళు చెడిపోయి మీ తాత పళ్ళు ఒక్కొక్కటే పోయాయి. ఉన్న నాలుగూ వనపర్తి దవాఖానలో తీసేశారు. జొన్న రొట్టె పప్పులో నానబెట్టి పెడితే తినేవాడు, దానికేమీ బాధపడలేదు. ఆయన బాధ వేరు. కల్లాల కాలం వచ్చింది, మనింటికి ఎవరూ రాలేదు. మంచం వాకిట్లో వేసుకుని కూర్చునేవాడు, చేతిలో గింజలున్నవాళ్ళు పలకరించి ముందుకు పోయేవాళ్ళు. మా మరిది, అంటే మీ చిన్నతాత, ఊరుకునే రకం కాదు. "అన్న మిషిన్ ఖరాబైంది వదినా, స్పేర్ పార్టులు దొరుకుతలేవు" అని అందరూ వినేలా అనేవాడు. మీ తాత నవ్వేవాడు. పళ్ళు లేని నోటితో నవ్వితే నిజంగా నవ్వుతున్నాడో లేదో తెలియదు.

ఆ ఏడే పళ్ళ కాలేజీ వాళ్ళు వచ్చారు. అందులో ఒక డాక్టరమ్మ పై చదువు చదువుతోంది. కట్టుడు పళ్ళు ఏ సరుకుతో చేస్తే ముసలివాళ్ళు బాగా నమలగలుగుతారు, దవడ ఎలా ఆడుతుంది అని పరిశోధన. ఒప్పుకున్నవాళ్ళకి మైనం లాంటి ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీసింది. ఒక్కొక్కరికి రెండు జతలు చేయించింది. చూడటానికి రెండూ ఒకటే, పళ్ళ సరుకు వేరు. ఒకదానికి లోపల ఎర్ర చుక్క, ఇంకోదానికి నీలి చుక్క. కొన్నాళ్ళు ఒకటి, కొన్నాళ్ళు ఇంకొకటి పెట్టుకోవాలి. ఏది ఏ సరుకో మాత్రం చెప్పదు. మీ తాత తనంతట తనే తేల్చేశాడు, ఎర్ర చుక్కది రొట్టెకు, నీలి చుక్కది మాట్లాడటానికి అని. పెళ్ళిళ్ళకు నీలి చుక్క పెట్టుకుని పోయేవాడు, తీరా బంతిలో కూర్చున్నాక ఎర్ర చుక్క తేలేదని నా మీద విసుక్కునేవాడు.

పరీక్ష రోజు పంచాయతీ ఆఫీసులో ముసలివాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టారు. తలా కొన్ని వేయించిన పల్లీలు, ఒక గ్లాసు. నమిలి, మింగకుండా గ్లాసులో ఉమ్మాలి. ఆ ముక్కల్ని సన్న జల్లెడలో కడిగి, ఎంత మెత్తగా నలిగాయో చూస్తుందట. చక్కగా చెప్పింది, అందరూ తలలూపారు. నమిలారు. గ్లాసులు చూస్తే అన్నీ ఖాళీ.

"తాతా, ఉమ్మమన్న కదా?" అంది డాక్టరమ్మ మీ తాతతో.

"మరిచిపోలేదు బిడ్డా. నోట్లకు వొయిన పల్లిని ఎట్ల ఉమ్మాలె? నువ్వు పండించినవా, నేను పండించిన్నా?"

"పరీక్ష కోసం తాతా. జర ఒక్కసారి."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అందరూ మింగారు. మా మరిది అయితే "ఉప్పు జర తక్కువైంది డాక్టరమ్మా" అని చెయ్యి చాచాడు. ఆ పిల్ల కుర్చీలో కూలబడి కాసేపు జల్లెడ వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది. వచ్చే వారం రెండు రంగుల చూయింగ్ గమ్ తెచ్చింది. నమిలితే రెండు రంగులూ ఎంత బాగా కలిస్తే దవడ అంత బాగా పనిచేస్తున్నట్టు. "ఇది పంట కాదు, ఉమ్మొచ్చు" అంది. మీ తాత ఆ ముద్దను వేళ్ళతో తిప్పి చూసి, న్యాయమేనని ఒప్పుకుని, ఉమ్మాడు. మా మరిది దాన్నీ మింగేశాడు.

మీ తాతకు నమలడం బాగా కుదిరింది. రొట్టె, మక్క గారెలు, అన్నీ తిన్నాడు. ఇక తన పని తనకు తిరిగొచ్చిందనుకున్నాడు. కల్లాలు మొదలుకాగానే ఒక పచ్చి గింజ, ఒక ఎండిన గింజ తెచ్చి ఎర్ర చుక్కతో నొక్కి చూశాడు, నీలి చుక్కతో నొక్కి చూశాడు. రెండు గింజలూ ఒకేలా విరిగినట్టే తోచిందట. డాక్టరమ్మ వచ్చినప్పుడు ఎందుకలా అని అడిగాడు.

"పంటి వేరు చుట్టూ నరాలు ఉంటయ్ తాతా. ఏది మెత్తగుంది, ఏది గట్టిగుంది అని చెప్పేది అవే. ఈ పళ్ళకు వేర్లు లేవు, చిగుళ్ళ మీద కూసుంటయ్. నములుతయ్ గానీ, చెప్పడం కష్టం."

"రెండిట్ల ఏదైనా ఎప్పటికైనా చెప్తదా?"

"నాకు తెల్వదు తాతా" అంది. అబద్ధం చెప్పకుండా తెలియదన్నందుకు ఆ పిల్లంటే నాకు గౌరవం.

కానీ జనం మళ్ళీ గింజలు తేవడం మొదలుపెట్టారు, ఆయన నోట్లో పళ్ళు మెరుస్తున్నాయి కదా! పొమ్మనలేక ఒక ఉపాయం ఆలోచించాడు. ఎవరైనా రాగానే "ఇగో, చెంబెడు నీళ్ళు తే" అని కేకేసేవాడు. నేను నీళ్ళు తెచ్చి, ఏదో తినాలనిపించినట్టు వాళ్ళ గింజల్లోంచి ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. నా పళ్ళు ఇప్పటికీ నావే. ఎండి ఉంటే చెంబు ఆయన కుడివైపు పెట్టేదాన్ని, తడి ఉంటే ఎడమవైపు. ఆయన తన గింజ నొక్కి, కళ్ళు సగం మూసి, చెంబు ఎక్కడుందో చూసి చెప్పేవాడు. అలా రెండు పంటలు గడిచాయి. మా మరిదికి అనుమానం. "వదిన నీళ్ళు తెస్తెనే అన్నకు పల్లి మాట్లాడ్తది" అన్నాడొకసారి. నేను వినపడనట్టు లోపలికి వచ్చేశాను.

తర్వాతి శివరాత్రికి మా అక్కతో కలిసి సోమశిలకు పోయాను. కృష్ణలో మునిగి, దర్శనం చేసుకుని, మర్నాడు ఇంటికొస్తే ఊరంతా ఒకటే కథ. నేను లేనని తెలిసి మా మరిది తన విత్తనం కాయ పట్టుకుని, వెంట నలుగుర్ని వేసుకుని వచ్చాడట. మంచం ముందు నిలబడి, "చెప్పన్నా, ఎండినయా?" అన్నాడట. మీ తాత నీళ్ళడగలేదట. గింజ పెట్టుకుని, చాలాసేపు దవడ అటూ ఇటూ ఆడించి, "ఇంకో రెండెండలు కావాలె" అన్నాడట.

"నీళ్ళు తాగకుండనే చెప్తివే!" అని వాళ్ళంతా నవ్వారట. మా మరిది మొండివాడు. సగం ఆరోజే మూట కట్టాడు, సగం అన్న చెప్పినట్టు మళ్ళీ ఆరబోశాడు. విత్తే రోజులొచ్చి మూటలు విప్పితే, మొదట కట్టిన సగం బూజు పట్టి వాసన కొట్టింది. మిగతాది నిక్షేపంగా ఉంది. తనే వచ్చి వాకిట్లో నిలబడి చెప్పాడు. "అన్నా, మిషిన్ మంచిగనే ఉందే" అని తన దారిన పోయాడు. అంతకన్నా మర్యాద ఆ మనిషి దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

అతను పోగానే అడిగాను. "ఆ దినం ఏ జత పెట్టుకున్నవయ్యా? పళ్ళే చెప్పినయా, అందాజ మీద అన్నవా?"

మీ తాత పళ్ళు తీసి నీళ్ళలో వేసి, బోసినోటితో నవ్వాడు. "ముందుగాల రొట్టె పెట్టు, చెప్త" అన్నాడు. పెట్టాను. తింటుండగా మోటరు కాలిందని పొలం నుంచి పిలుపొచ్చింది, లేచి పోయాడు. వచ్చాక నేను మరిచిపోయాను. గుర్తొచ్చినప్పుడు ఆయన నిద్రపోతున్నాడు. అదేమంత పెద్ద సంగతి, రేపడగొచ్చులే అనుకున్నాను. అలా రేపు రేపంటూ ఉండగానే, ఆ వేసిన పంట పీకకముందే ఆయనే పోయాడు.

తర్వాత డాక్టరమ్మ ఫోన్ చేసింది. చదువు పూర్తయిందట. ఆ సంగతంతా చెబితే తనూ అదే అడిగింది, ఏ జత పెట్టుకున్నాడని. తెలియదన్నాను. నమలడం కొలవడానికి గమ్ ఉంది గానీ, చెప్పడం కొలవడానికి తన దగ్గర ఏమీ లేదంది. పళ్ళు రెండు జతలూ ఉంచుకోమంది.

కల్లాల కాలంలో ఒక్కోసారి డబ్బా తీసి వాటి నడుమ గింజ పెట్టి వేళ్ళతో నొక్కి చూస్తాను. ఎర్ర చుక్కలో విరుగుతుంది, నీలి చుక్కలోనూ విరుగుతుంది. తర్వాత ఆ గింజ నేను తినేస్తాను. ఒక రొట్టె తినేంత సేపు ఆగితే తెలిసిపోయే సంగతి, ఇన్నేళ్ళయినా అక్కడే ఆగిపోయింది. నేను ఊళ్ళో లేని ఆ ఒక్క రోజు, చెంబు ఏ వైపూ లేనప్పుడు, ఆయనకెట్ల తెలిసింది?