ఆలూరు గోడ మీద చలికాలం

ఆ రోజుల్లో నేను చిత్రకారుణ్ణన్న సంగతి నాకొక్కడికే తెలుసు. (ఈ రహస్యం ఇప్పటికీ బయటికి పొక్కలేదు.) ఎండాకాలం వచ్చిందంటే మా ఆలూరులో కుంచె కాగితాన్ని చేరేలోపే రంగు ఆరిపోయేది. అలాంటి ఒక మధ్యాహ్నం చొక్కా విప్పి కూర్చుని, బిస్కెట్ డబ్బా మూత చూసి నీళ్ళరంగులతో చలికాలం గీశాను: ఏదో చలిదేశపు చిన్న ఇల్లు, గోడలోనే కట్టిన పొయ్యి, అందులో ఎర్రటి మంట, ముందు కుర్చీలో తలనిండా శాలువ కప్పుకున్న ఆడమనిషి, కిటికీ బయట మంచు. (మంచు గీయడం తేలిక. కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. నా పనితనంలో ఎవరూ తప్పుపట్టలేని భాగం అదే.) పటం కట్టించి నడవలో తగిలించాను.

అప్పుడే నాకు బద్వేలు సంబంధం వచ్చింది. పిల్లను చూసి వచ్చినప్పటినుంచి నేను అన్నం సరిగా తినడం లేదని అమ్మ, తింటూనే ఉన్నాడని నాయన వాదించుకుంటున్నారు. ఇక వాళ్ళ పెద్దలు మా ఇల్లు చూసి ఔననడమే తరువాయి. పిల్ల అవ్వ, ఆమె కొడుకైన మేనమామ బస్సులు మారి వచ్చారు. అవ్వ మా దూలాలు చూసింది, బావి చూసింది, ఎద్దుల పళ్ళు చూసింది (నా పళ్ళ దగ్గరిదాకా వచ్చి ఆగింది), చివరికి నా పటం ముందు నిలబడిపోయింది. మొదటి అభిమాని దొరికిందని మురిసిపోయాను.

"ఏమప్పా, ఎవురీ బాలింత?"

మా వైపు మూసిన గదిలో నిప్పు పెట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని కూర్చునేది బాలింత ఒక్కతే. గీసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. పెళ్ళికాని వాడి ఇంట్లో బాలింత పటం! అమ్మ ముఖం వాడిపోయింది. మామ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"బాలింత కాదవ్వా. ఆ దేశంలో శానా చలి. ఆడ అందరూ ఇట్లే మంట ముందర కూచుంటారు."

"ఊరంతా ఒగేపారి కనిందా?" అన్నాడు మామ.

"కిటికీ బయట చూడవ్వా, మంచు!"

"మంచేందప్పా, పత్తి. శానా బాగా పండినట్లుండాది. అంత పత్తి పండే ఇంటి పిల్లను చేసుకోని, మళ్ళా మా పిల్లనెందుకు అడగతాండావు?" అన్నాడు మామే.

చెంబు నీళ్ళు పోసిన బొమ్మలాగా నా పెళ్ళి కళ్ళముందే చెరిగిపోతోంది. అవ్వ మాత్రం పటానికి ముక్కు ఆనించి వెదుకుతూనే ఉంది.

"బిడ్డ యాడ? ఈ కుర్చీ కిందుండేదేంది?"

"పిల్లి, అవ్వా." (రంగు ఒలికితే ఆ మరకకు తోక పెట్టాను.)

అవ్వ గిరుక్కున కొడుకు వైపు తిరిగింది. "పసిబిడ్డ ఉండే తావుకు పిల్లిని ఎవురు రానిస్తార్రా? ఈమె బాలింత కాదు. చలిజరమొచ్చిన మనిషి. కూచో, మజ్జిగ తాగి మాట్లాడుకుందాం." తర్వాత నన్ను నిలదీసింది. "మందిప్పించినావా ఆ యమ్మకు?"

"ఇప్పించినానవ్వా" అన్నాను. పెళ్ళి కావలసినవాడు దేనికైనా ఔనంటాడు.

పెళ్ళయింది. ఆ తర్వాత చాలా బొమ్మలే వేశాను. చూసినవాళ్ళు "బాగుందప్పా" అని కాఫీ కోసం వంటింటి వైపు చూసేవారు. బొమ్మలోని మనిషికి ఏమైందోనని అంత దగ్గరగా, అంత బెంగగా చూసినవాళ్ళు మళ్ళీ దొరకలేదు. అవ్వ బతికున్నన్నాళ్ళూ మేము బద్వేలు పోతే చాలు, "ఆ యమ్మకు జరం తగ్గిందా?" అని అడిగేది. "తగ్గింది అవ్వా, తిరుగుతాండాది" అని ఆ మాట అక్కడితో తెంచేసేవాణ్ణి. ఒక్కసారైనా తగ్గలేదని చెప్పి ఉంటే, పక్కన కూచోబెట్టుకుని ఏ కషాయం ఎట్లా కాయాలో ఇంకాసేపు చెప్పేదేమోనని ఇప్పుడనిపిస్తుంది.