నేను తప్పు రాసిన రోజు

నల్లకోటు కొత్తగా కుట్టించుకున్న రోజులవి. రెండువేల మూడో, నాలుగో సరిగ్గా గుర్తులేదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు కోర్టుకు రోజూ ప్యాసింజర్‌లో వెళ్లేవాణ్ణి. కోటు కోర్టులో వేసుకుంటే సరిపోతుంది. కానీ లాయర్నని నలుగురికీ తెలియాలి కదా, ఎండల్లో కూడా ప్లాట్‌ఫారం మీదే తొడిగేసేవాణ్ణి. ఒకరోజు భీమడోలు దాటాక ఒక పెద్దాయన నన్ను చూసి లేచి వినయంగా టికెట్ చాపాడు. ఆయన్ని చూసి మరో నలుగురు జేబులు తడుముకున్నారు. అయినా కోటు తీయలేదు.

అలాంటి రోజుల్లోనే మా సీనియర్ గారి ఆఫీసుకు కొల్లేటి లంక గ్రామం నుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. వెంట వాళ్ల చర్చి పాస్టరు గారు. ఆవిడ భర్త చేపల చెరువుల్లో వల లాగే కూలీ. గట్టు మీది ఆయిల్ ఇంజన్ పోయిందని, అనుమానం మీద ఇద్దరు పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. స్టేషన్‌లోనే చనిపోయాడు. గుండె ఆగిందని చెప్పారట.

"రోజల్లా మొలలోతు నీళ్లలో వల లాగేవోడండి. గుండెకేం రోగమండీ?" అంది.

హైకోర్టులో రిట్ వేయాలన్నారు సీనియర్ గారు. డ్రాఫ్టు నాకు అప్పగించారు. ప్రభుత్వోద్యోగి మనిషి ప్రాణం తీస్తే ప్రభుత్వమే బాధ్యత వహించాలి, సార్వభౌమాధికారం పేరు చెప్పి తప్పించుకోకూడదు. ఈ ఒక్క మాటను వారం రోజులు శ్రమపడి పద్నాలుగు పేజీల ఇంగ్లీషు చేశాను. దేశదేశాల తీర్పులు తెచ్చి దింపాను. చనిపోయిన మనిషి మాత్రం తొమ్మిదో పేజీలో వచ్చాడు, అదీ ఒకే ఒక్క పేరాలో.

సంతకం పెట్టించే ముందు ఆవిడకు తెలుగులో చదివి వినిపించమన్నారు సీనియర్ గారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఎనిమిది పేజీలు ఆవిడ కదలకుండా వింది. పాస్టరు గారు రెండుసార్లు ఆవులించారు.

"శుక్రవారం ఉదయం స్టేషన్‌కు తీసుకురాగా, అదే రోజు మధ్యాహ్నం..."

"శుక్రవారం కాదండి. బుధవారమండి," అందావిడ.

"రికార్డులో శుక్రవారమనే ఉందమ్మా."

"ఎవరు రాశారండీ?"

"పోలీసులు," అన్నాను. అన్నాక గానీ నా మాట నాకు వినపడలేదు.

"బుధవారం మధ్యాన్నం ఒకసారి, గురువారం రెండుసార్లు అన్నం క్యారియర్ పట్టుకెళ్లానండి. గురువారం సాయంత్రం ఎడంచేత్తో తిన్నాడు. కుడిచెయ్యి లేవట్లేదన్నాడండి."

ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాల్సిన మనిషిని రెండు రోజులు దాచి, శుక్రవారం పట్టుకొచ్చామని కాగితం పుట్టించారు. ఆ అబద్ధాన్ని నేను అందంగా ఇంగ్లీషులోకి మార్చి, ఆవిడ చేతే సంతకం పెట్టించబోయాను. సీనియర్ గారు నన్ను తిట్టలేదు. కాగితాలు నా ముందుకు జరిపి, "క్యారియర్ దగ్గర మొదలుపెట్టవయ్యా," అన్నారు.

సాక్ష్యం కావాలి. స్టేషన్ ఎదురుగా టీ బడ్డీ నడిపే ఒకావిడ అంతా చూసిందని తెలిసి, నేనే వెళ్లాను. కోటుతోనే. "నాకేం తెలీదండి బాబూ," అని గ్లాసులు కడుక్కుంటూ కూర్చుంది. టీ కూడా పోయలేదు. మర్నాడు మా లంక ఆవిడ ఒక్కతే వెళ్లి గంటసేపు మాట్లాడింది. విచారణకు వస్తానని బడ్డీ ఆవిడ మాటిచ్చేసింది.

స్టేషన్‌లో జరిగిన చావు మీద ఆర్డీవో గారు జరిపిన విచారణలో నేను లేచి ఇంగ్లీషులో అందుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి, "ఏవండీ లాయరు గారూ, ఆ రోజు మీరు స్టేషన్‌లో ఉన్నారా?" అన్నారు.

"లేనండి."

"అయితే కూర్చోండి."

కూర్చున్నాను. బడ్డీ ఆవిడ చెప్పింది: "గురువారమేనండి. ఆరోజు సంత, నా పాలు తొందరగా అయిపోయాయి. ఈవిడ క్యారియర్ నా బల్ల మీద పెట్టుకుని, సెంట్రీ పిలిచేదాకా కూర్చుందండి." అందులో ఒక్క కష్టమైన మాట లేదు. ఎదుటి లాయరు ఎన్ని ప్రశ్నలు వేసినా ఆ పాలు మళ్లీ మిగల్లేదు.

మూడేళ్లకు హైకోర్టు తీర్పు వచ్చింది. ఒంటి మీది దెబ్బలను, రెండు రోజుల అక్రమ నిర్బంధాన్ని నమ్మి, ప్రభుత్వమే పరిహారమివ్వాలని చెప్పింది. జెరాక్సు పట్టుకుని బస్సు, ఆటో, పడవ మారి లంకకు వెళ్లాను.

"గెలిచామండీ!"

"ఎవరిస్తారండీ ఇది? ఆ పోలీసోళ్లిద్దరా?"

"కాదమ్మా, గవర్నమెంటు. అదే ఈ కేసులో గొప్ప..." అంటూ నా పాత పద్నాలుగు పేజీలూ మళ్లీ విప్పాను. ఆవిడ ఓపిగ్గా వింది.

"మరి కొట్టినోళ్లకేంటండీ?"

"వాళ్ల మీద క్రిమినల్ కేసు వేరుగా నడుస్తుంది."

"ఆ కాగితాలు కూడా మీరే రాస్తారా?" అంది.

ఆ గొంతులో భయం స్పష్టంగా వినిపించింది. "లేదండీ, ప్రభుత్వ లాయరు గారు చూసుకుంటారు," అన్నాను. ఆవిడ నవ్వింది. నేను ఆవిడ నవ్వు చూడటం అదే మొదటిసారి. నవ్వుతూనే మొహం తిప్పుకుని చాలాసేపు ఏడ్చింది. నేను జెరాక్సు కాగితాల మడతలు సరిచేస్తూ కూర్చున్నాను.

పరిహారంతో ఆవిడ కూతుర్ని ఏలూరులో హాస్టల్లో పెట్టి చదివించింది. క్రిమినల్ కేసు ఇంకొన్నేళ్లు సాగింది. ప్రతి వాయిదాకూ ఆవిడ కోర్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది. చివరికి ఆ పోలీసులిద్దరిలో ఒకరికి శిక్ష పడింది. ఆయన అప్పీలుకు వెళ్లాడు.