బండి జబ్బు చెప్పేదెవరు?

డిపోలో ఆవిడకి రెండు పేర్లు. ఎదుట మేడమ్, వెనక టికెట్టమ్మ. ఆ రెండోది ఆవిడకి తెలియక కాదు. వయసంతా బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి, అలా పిలిస్తే కోపమెందుకు? ఆవిడ ఒక్కసారి "లోపలికి జరగండి" అంటే చాలు, కాలు పెట్టే చోటు లేని బస్సులో కూడా ఖాళీ పుట్టేదట. ఇంట్లో పిల్లలు నిద్రపోయాక పుస్తకాలు ముందేసుకుని, పరీక్షలు రాసి, ఒక్కొక్క మెట్టే ఎక్కి చివరికి అదే డిపోకి మేనేజరై వచ్చింది.

ఆవిడ టికెట్లు కొట్టిన రోజుల్లో స్టీరింగు పట్టినాయన బాబాయ్. చుట్టరికమేమీ లేదు. ఆవిడ మొదటిరోజు భయపడుతూ బస్సెక్కి "బాబాయ్ గారూ, పోనివ్వండి" అంది. అంతే, ఆయన డిపో మొత్తానికీ బాబాయ్ అయిపోయాడు. ఇప్పుడు రిటైర్మెంటుకి దగ్గర పడ్డాడు. అల్లుడు కూడా అక్కడే డ్రైవరు.

ఆ డిపోకి పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉండేది. ఎవరి బస్సు వాళ్ళదే. అద్దం వంపు దగ్గర్నుంచి సీటు మీద దిండు దాకా ఆ డ్రైవరు ఇష్టం. బస్సులో ఏ చిన్న చప్పుడు తేడాగా వినిపించినా తిన్నగా షెడ్డుకొచ్చి, "మావాడికి ఒంట్లో బాగోలేదు, కాస్త చూడు" అని హెడ్ మెకానిక్ ప్రాణం తీసేవాడు. ముచ్చటగానే ఉండేది. కాకపోతే డ్రైవరుకి జ్వరమొస్తే బస్సుకీ జ్వరమే. ఆయన సెలవు పెడితే ట్రిప్పు రద్దు. స్టాపుల్లో జనం మెడలు సాచి సాచి చూసి, మర్నాడు కనపడిన కండక్టరుని తిట్టిపోసేవాళ్ళు. ఆ తిట్లన్నీ తిన్నది ఈవిడే. అందుకే కుర్చీ దొరకగానే చేసిన మొదటి పని, ఎవరైనా ఏ బస్సైనా తీయాల్సిందే అని ఆర్డరు వేయడం.

డ్రైవర్లు ఊరుకుంటారా! పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగారు. "మా బండి ఇంకొకడి చేతిలో పెడతారా?" అని గేటు దగ్గర నానా గొడవా చేశారు. ఆవిడ జంకలేదు. నాలుగు రోజులు అరిచి వాళ్ళే చల్లారారు. ఆ తరువాత ట్రిప్పు రద్దన్న మాటే లేదు. పై ఆఫీసరు ఫోను చేసి మెచ్చుకున్నాడు. ఆవిడకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఒకరోజు హెడ్ మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మేడమ్, ఈమధ్య బండికి బాగోలేదని చెప్పేవాడే లేడు. బస్సులన్నీ ఒక్కసారే పుణ్యం చేసుకున్నాయంటారా?" అన్నాడు. ఆవిడ నవ్వి, అంతా కొత్త పద్ధతి మహిమ అనుకుంది. మెచ్చుకోలు చెవిలో పడ్డాక ఇంకో మాట వినపడదు కదా మనిషికి!

కొండదారి మీంచి కండక్టరు ఫోను వచ్చింది ఆ తరువాతే. "మేడమ్, బ్రేకు పట్టడం లేదు, బస్సు నిండా జనం..." అన్నాడు. వెనక ఎవరో కేక వేశారు. ఫోను కట్టయింది.

"ఆ బస్సు డ్రైవరెవరు?" అంది ఆవిడ ఆఫీసులోవాళ్ళని. బాబాయ్ అన్నారు.

మెకానిక్ జీపు తీశాడు. ఆవిడ పక్కనెక్కి కూర్చుంది. ప్రతి మలుపులోనూ ముందు లోయలోకి చూసి, తరువాత రోడ్డు చూసింది. ఎందరు దేవుళ్ళకి మొక్కిందో ఆవిడకే తెలియదు. కొండ సగం ఎక్కాక కనపడింది బస్సు. రోడ్డు పనికి పోసిన ఇసుక కుప్పలో ముక్కు గుచ్చుకుని నిలబడి ఉంది. జనమంతా దిగి, పక్కన కూర్చుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చెప్పుకుంటున్నారు. ఎవరికీ చిన్న దెబ్బైనా తగల్లేదు. బాబాయ్ గేర్లు తగ్గించుకుంటూ వచ్చి సరిగ్గా ఇసుకలోకి పోనిచ్చాడు. ఆవిడ అందరినీ పేరుపేరునా పలకరించింది. ఆ తరువాత బస్సు చాటుకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి బాబాయ్ రాయి మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు.

"మధ్యాహ్నం బండి తీసినప్పుడే తెలిసిందా బాబాయ్?"

"తెలిసిందమ్మాయ్. రెండుసార్లు తొక్కితేగానీ పట్టలేదు."

"మరి మెకానిక్‌తో ఒక్క ముక్క చెప్పలేకపోయావా!"

ఆయన సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "పొద్దుట్నుంచీ ఆ బండి నడిపింది మా అల్లుడు. షెడ్డులో అందరి ముందూ బ్రేకు పోయిందంటే, పాడుచేసిందెవరంటారు? అల్లుడి పరువు తీసి మా అమ్మాయికి మొహం ఎలా చూపించను? నా బండైతే నేను చెప్పుకుంటా. ఇంకొకడు దిగిన బండి గురించి చెబితే చాడీ చెప్పినట్టేగా. నేనొక్కణ్ణే కాదమ్మాయ్, అందరిదీ ఇదే వరస."

అల్లుడి పరువు కోసం బస్సెడు జనాన్ని లోయ అంచుదాకా తీసుకొచ్చిన మామగారిని ఏమనాలి? చేతిలో సీసా లాక్కుని విసిరికొడదామన్నంత కోపం వచ్చింది ఆవిడకి. నోటిదాకా వచ్చిన తిట్టు నోట్లోనే ఆగింది. షెడ్డు నిశ్శబ్దంగా ఉందని సంబరపడిందెవరు మరి?

సాయంత్రం ఆఫీసరు ఫోను చేశాడు. "పాత పద్ధతికి పోదామమ్మా, గోల వదిలిపోతుంది" అన్నాడు.

"వద్దు సార్. పాత పద్ధతిలో జనం స్టాపుల్లో పడిగాపులు పడ్డారు. కొత్తదానిలో ప్రాణాల మీదకి వచ్చింది. నాకు కొంచెం టైమివ్వండి. కుదరకపోతే మీరన్నట్టే చేద్దాం, నన్ను కూడా ఎక్కడికి పంపిస్తారో పంపించండి."

మర్నాడు డ్రైవర్లందరినీ పిలిచింది. "తప్పు నాదే. బండి మీ చేతిలోంచి తీసుకున్నా. దాంతోపాటు మీ నోరు కూడా కట్టేశానని తెలుసుకోలేకపోయా. ఈరోజు నుంచి డ్యూటీ దిగేవాడు ఎక్కేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని యార్డులో ఒక చుట్టు తిప్పాలి. బండికున్న జబ్బులన్నీ తన నోటితోనే చెప్పాలి. ఎదుటివాడి గురించి చెబితే చాడీ. తను నడిపిన బండి గురించి తను చెబితే అది అప్పజెప్పడం."

"నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు," అన్నాడు హెడ్ మెకానిక్. "కానీ బండి అప్పజెప్పేటప్పుడు ఒక్క అబద్ధం కూడా చెల్లదు నాయనా." అందరూ నవ్వారు.

నవ్వారుగానీ, నోరు మాత్రం విప్పలేదు. రోజులు గడుస్తున్నాయి. యార్డులో చుట్లు తిరుగుతున్నారు, "బాగానే ఉంది" అని దిగిపోతున్నారు. ముందు ఎవరు బయటపడతారు? ఆవిడకి అన్నం సహించడం మానేసింది. కొండమీదకి బస్సు బయలుదేరిన ప్రతిసారీ అది తిరిగొచ్చేదాకా ఫోను వైపే చూస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం బాబాయ్ అల్లుడు బస్సు తెచ్చాడు. ఎక్కాల్సింది బాబాయే. చుట్టు తిప్పి షెడ్డు ముందు ఆపి, అల్లుడు దిగాడు. అటూ ఇటూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మామయ్యా, నాకీ బ్రేకు మీద నమ్మకం లేదు. పొద్దుట్నుంచీ బండి ఎడమకి లాగుతోంది. మీరు దీన్ని కొండ మీదకి తియ్యొద్దు."

పనిచేస్తున్న చేతులన్నీ ఆగాయి. బాబాయ్ అల్లుడి మొహంలోకి చూశాడు. భుజం మీద చెయ్యి వేసి షెడ్డులోకి తిరిగి, "విన్నారుగా! మా అల్లుడు చెబుతున్నాడు, చూడండి!" అని అరిచాడు. అంత గర్వం ఆయన గొంతులో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పక్కనున్న ఇంకో డ్రైవరు గొంతు సవరించుకుని, "నా బండికి కూడా వెనక టైరు..." అని మొదలుపెట్టాడు.

ఆ ట్రిప్పుకి వేరే బస్సు లేదు. ఆవిడే స్టాపుకి నడిచి వెళ్ళి చెప్పింది. జనం ఇంతెత్తున లేచారు. "మళ్ళీ మొదలా మీ గోల?" అంది ఒకావిడ, పసిబిడ్డని భుజం మార్చుకుంటూ.

"బ్రేకు బాగోలేదమ్మా. డ్రైవరే చెప్పాడు."

"బయల్దేరకముందే చెప్పాడా?"

"ముందే చెప్పాడు."

ఆ పిల్లతల్లి బిడ్డ తల నిమిరి, "పోన్లే తల్లీ, తరువాత బస్సుకే వెళ్తాం," అని బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. మిగిలినవాళ్ళు ఇంకా తిడుతూనే ఉన్నారు. టికెట్టమ్మ ఆ ఎండలో నిలబడి తిట్లన్నీ వింది. ఎన్నాళ్ళ తరువాతో గుండెల నిండా గాలి పీల్చుకుంది.