ముట్టుకోమంటే ముట్టుకోని పిల్లలు

సాగర్ డ్యాం పనులు జోరుగా సాగుతున్న రోజులవి. మాచవరం దగ్గర ఒక పల్లెలో నేను ఎలిమెంటరీ బడి పంతులమ్మను. మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. నరసరావుపేట హైస్కూల్లో సైన్సు ఎగ్జిబిషను పెట్టారని తెలిసి, "పిల్లలే చేత్తో పట్టుకుని తిప్పి చూసుకోవచ్చంటమ్మా, తీసుకెళ్లు" అన్నారు మా హెడ్మాస్టరు గారు. ఆయన మాత్రం మోకాళ్ల నొప్పులని ఆగిపోయారు. ఐదో తరగతి పిల్లలు పద్దెనిమిది మంది, నేనొక్కదాన్ని.

బస్సు దిగేసరికే నా ఇస్త్రీ చీర మీద ఒకడు కక్కేశాడు. కుళాయి దగ్గర కడుక్కుని, తడికొంగుతోనే లోపలికి పోయాను.

హాలు నిండా బల్లలు, బల్లల మీద అయస్కాంతాలు, అద్దాలు, పిడి తిప్పితే బల్బు వెలిగే మిషను. గోడ మీద ఇంతింత అక్షరాలతో 'ముట్టుకొని చూడండి' అని రాసిపెట్టారు. మా పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నారు.

"ముట్టుకోండర్రా!"

కదల్లేదు.

"ఏందర్రా, చేతులకు గోరింటాకు పెట్టుకొచ్చారా?"

"ముట్టుకుంటే తంతారు పంతులమ్మ గారూ" అంది ఒక పిల్ల.

"ఎవరే తన్నేది?"

"ఎవరన్నా."

వాళ్లలో సగం మంది ఊరికి ఎడంగా ఉండే మా పేట పిల్లలే, నాలాగే ఆదివారం చర్చికి పోయే ఇళ్లవాళ్లు. బావి చేద ముట్టుకోబాక, హోటల్లో గ్లాసు ముట్టుకోబాక అనే మాటలు వింటూ పెరిగారు. నేనూ అట్లా పెరిగినదాన్నే. జాలి కలగాల్సింది. కానీ ఇంత దూరం ఈడ్చుకొచ్చింది గోడకు ఆనించడానికా అని ఒళ్లు మండిపోయింది.

చివరికి సైకిలు షాపు సాయిబు గారి కూతురు ముందుకొచ్చింది. ఇంట్లో చక్రాలు తిప్పే అలవాటేమో, పిడి పట్టుకుని గిరగిరా తిప్పింది. బల్బు వెలిగింది. అంతే! పద్దెనిమిది మందీ ఆ బల్ల మీద పడ్డారు. నాకంటే నాకని పెనుగులాట. కాసేపటికి పిడి ఊడి ఒకడి చేతిలోకొచ్చింది.

అక్కడున్న సైన్సు మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? పిల్లల్ని అదుపులో పెట్టుకోరా?"

"ముట్టుకోమని రాసింది మీరే గదండీ."

"ముట్టుకోమన్నాం, పీకమన్లేదు!"

ఆ పక్కనే కరెంటు పెట్టె ఉంది. అందరూ గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడితే, ఆ చివరా ఈ చివరా పట్టుకున్న తీగల్లోంచి కాస్తంత కరెంటు అందరి ఒంట్లోనూ పారుతుంది. మా వాళ్లు దాని దగ్గర చేరి చేతులు పట్టుకున్నారు. ఆ వరసలో టౌను పిల్లాడొకడు కలిశాడు. వాళ్లమ్మ వచ్చి వాడి రెక్క పట్టుకు లాగింది. "వాళ్ల చేతులు నీకెందుకురా? ఇటు రా." ఎవరి పిల్లలో ఆమెకు ఎట్లా తెలిసిందో! బహుశా మాసిన లాగూలే చెప్పి ఉంటాయి.

వాడికి అటూ ఇటూ ఉన్న మా పిల్లలిద్దరూ వెంటనే చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. అది చూసి నాకు ఆమె మీద కంటే వాళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది. పోయి ఆ ఖాళీలో నిలబడి ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకున్నాను.

"తిప్పండి మాస్టారూ" అన్నాను.

ఆయన ఆమె వంక ఒకసారి చూసి, మీట తిప్పాడు. "ఓరి నాయనో!" అని అందరికంటే పెద్దగా అరిచింది నేనే. పిల్లలు పడీ పడీ నవ్వారు. టౌను పిల్లాడు తనకూ కావాలని నేల మీద పడి దొర్లుతుంటే, వాళ్లమ్మ లేపలేక నానా తంటాలు పడింది. ఆ అవస్థ మాత్రం నాకు బాగా తెలిసిందే.

"మళ్లీ, మళ్లీ" అని ఐదుసార్లు షాకు కొట్టించుకున్నారు. బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సులో దీపాలు పెట్టే వేళకు ఊరు చేరితే, రోడ్డు మీద తండ్రులంతా నిలబడి నన్నే తిట్టారు.

ఆ తర్వాతి వారం బడిలో ముట్టుకోని వస్తువంటూ లేదు. హెడ్మాస్టరు గారి టైంపీసు విప్పి బల్ల మీద పరిచేశారు.

"ఎవరమ్మా వీళ్లకిది నేర్పింది?"

"తీసుకెళ్లమంది తమరే గదండీ."

సాయిబు గారి కూతురు ఒక పూటంతా కూర్చుని దాన్ని మళ్లీ బిగించింది. ఒక మర మిగిలిపోయింది. టైంపీసు ఆడింది గానీ రోజుకు పావుగంట ముందుకు పరిగెత్తేది. హెడ్మాస్టరు గారు పొద్దున్నే దాన్ని వెనక్కి తిప్పుకుంటూ నా వంకే చూసేవారు.