సోమయాజులు అంకుల్ చెప్పని ఉద్యోగం

వాన వెలిశాక ఈ యూనివర్సిటీలో యూకలిప్టస్ ఆకులు కాళ్లకింద నలిగి వాసన వేస్తే, ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. పక్కన సోమయాజులు అంకుల్ ఉన్నారనిపిస్తుంది. ఆయనతో నడిచేవాళ్లకు నెమ్మదించక తప్పేది కాదు. ప్రతి భవనం దగ్గరా ఒక కథ కాచుకుని ఉండేది.

ఇక్కడ పాఠాలు చెప్పి, తరవాత అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన భౌతిక శాస్త్రవేత్త వల్లే ఈ ఊరికి అంత పేరు. కాకినాడ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన అంకుల్, రిటైరయ్యాక, వేసవిలో ఇండియా నుంచి దిగే ప్రతి అత్తగారికీ మామగారికీ క్యాంపస్ అంతా నడిపించి ఆ మహానుభావుడి జీవితం చూపించేవారు. పాఠం చెప్పిన గది, టోపీ, పైపు, సంస్కృతం నేర్చుకున్న ముచ్చట, ఏదీ వదిలేవారు కాదు. "ఆ బాంబాయన ఈయనకేమైనా చుట్టమా?" అని మా అత్తగారు నా చెవిలో అడిగారు.

అంకుల్ కూడా పక్క ఊళ్లోని ఆయుధాల ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవారే. అక్కడేం చేసేవారని అడిగితే మాత్రం, "కాఫీ బాగా కలిపేవాణ్ణి" అని తప్పించుకునేవారు.

నాకు డాక్టరేట్ వచ్చిన ఏడాది ఆ ల్యాబ్ నుంచే ఆఫర్ వచ్చింది. అణువుల గురించి అంత చదివినా అణకువ అణువంతైనా అబ్బని దాన్ని. పొగుడుతారని స్వీట్ బాక్స్ పట్టుకుని వెళ్లాను. ఆయన భార్య లలితాంటీ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆయనే ఉప్మా కలుపుతున్నారు.

"శాలరీ బాగుంది అంకుల్. మావారు కూడా ఓకే అన్నారు. మీరేమంటారు?"

"సాయంత్రం ఇంటికెళ్లి అతనికేం చెప్తావమ్మా?"

"అదేముంది, ఏదో మేనేజ్ చేస్తాను."

"నువ్వా? నీ నోట్లో నువ్వుగింజ నానదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్టవ్ ఆపేశారు.

"బాంబు తప్పా ఒప్పా అని నన్నడక్కు. దేశానికి కావాలనుకునే చేశాను, ఇప్పటికీ పూర్తిగా కాదనలేను. కానీ మీ ఆంటీ రోజూ అడిగేది, ఇవాళ ఎలా జరిగిందండీ అని. బానే ఉంది అనేవాణ్ణి. కొన్నాళ్లకి అడగడం మానేసింది. ఓసారి నా లెక్క ఒకటి కుదిరింది. పాడుకుంటూ డ్రైవ్ చేసుకొచ్చి, గరాజ్‌లో పాట ఆపేసి లోపలికెళ్లాను. హాస్పిటల్లో, చివర్లో కూడా, చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదమ్మా. ల్యాబ్ సంగతులు ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కదా."

తరవాత ఉప్మా వడ్డిస్తూ, నేను ఎన్నోసార్లు విన్న టోపీ కథే మళ్లీ ఎత్తుకున్నారు. నేను మొదటిసారి పూర్తిగా విన్నాను. ఆ శాస్త్రవేత్త జీవితం పుస్తకాలకెక్కింది, దాన్ని ఎవరైనా చెప్పుకోవచ్చు. తనది చెప్పుకునే వీల్లేని మనిషి ఇంకేం చెప్తాడు?

ఆ ఉద్యోగంలో చేరలేదు. ప్రపంచశాంతి కోసమని గొప్పలు పోను. ఆ మౌనం మోసే బలం నాకు లేదు, అంతే. ఇక్కడికి దగ్గర్లోనే, ఫ్రీమాంట్‌లో బ్యాటరీల కంపెనీలో చేస్తున్నాను. సాయంత్రం ఇంటికెళ్లగానే, ఏ సెల్ వేడెక్కిందో, మీటింగ్‌లో ఎవరు కునికిపాట్లు పడ్డారో మావారికి పూసగుచ్చినట్టు చెబుతాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ ఊ కొడతారు. ఒక్కోరోజు అసలు వినడం లేదని తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆపను.